గురువారం మందు

మా అత్తయ్య గారికి మూడేళ్ళుగా పసుపు రంగు పడటం లేదు. పేరంటానికి వెళ్తే పాదాలకు పసుపు రాయించుకోకుండా లేవని మనిషి, గురువారం సాయంత్రం వంటింట్లో పులిహోర కనపడితే మొహం తిప్పుకుంటారు. అలమార తలుపు కిర్రుమంటే చాలు, ఆవిడ నోట్లో నీళ్ళూరతాయి. రుచికి కాదు, వాంతికి. ఆ అలమారలో అట్టపెట్టె ఉంది, అట్టపెట్టెలో చిన్న గాజుసీసా. వెలుతురు తగలకూడదని చీకట్లో దాచిన ఆ మందు పచ్చగా, చిక్కటి చేమంతి రంగులో ఉంటుంది. పేరు మెథోట్రెక్సేట్. కీళ్ళవాతానికి వారానికోసారి పొట్ట మీది చర్మం కింద వేసే సూదిమందు. మా ఇంట్లో దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు. గురువారం మందు అంటారు.

గురువారమే ఎందుకంటే ఆవిడకు శనివారం ఒక్కపొద్దు. గురువారం రాత్రి వేస్తే శుక్రవారమంతా నీరసం, వికారం. శనివారానికి మనిషి తేరుకుని దేవుడి గదిలోకి వెళ్ళగలగాలి. రోజు ఎంచుకోమని డాక్టరు గారు చెప్పగానే ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పిన ముహూర్తం అది. సూది వేసే పని కోడలిగా నాకొచ్చింది. చదివింది కెమిస్ట్రీ కావడంతో ఆ పచ్చటి ద్రవాన్ని వేయడంతో సరిపెట్టుకోలేక దాని లోపలికి తొంగిచూడటం మొదలుపెట్టాను. చూసేకొద్దీ ముచ్చటేసింది. అత్తయ్య గారిని అంత ఇబ్బంది పెట్టే వస్తువు మీద ముచ్చటేమిటని మా ఆయన అడుగుతుంటారు. ఆ ఇబ్బందుల్లోనే దీని పనితనం కనపడుతుందని నా జవాబు.

మందు పెట్టెలో మడతపెట్టి ఉండే కాగితం ఒకటుంటుంది. చీమతలకాయంత అక్షరాల్లో దుష్ప్రభావాలన్నీ వరస పెట్టి ఉంటాయి: నోటి పూత, వికారం, విరేచనాలు, జుట్టు రాలడం, రక్తకణాలు తగ్గడం, కాలేయం, ఊపిరితిత్తులు, గర్భస్రావం. చదివితే ఒకదానికొకటి సంబంధం లేని కష్టాలన్నీ ఒక మనిషి మీద పోగుపోసినట్టుంటుంది. నాకు ఆ కాగితం రాసినవాళ్ళ మీద కోపం. వాటిలో సగానికి పైగా ఒకే తల్లి పిల్లలన్న సంగతి ఒక్క వాక్యంలో చెప్పి ఉండొచ్చు.

ఆ తల్లి పేరు ఫోలిక్ ఆసిడ్. పాలకూరలో, తోటకూరలో, పెసరపప్పులో ఉండే బి విటమిన్. శరీరంలో కొత్త కణం పుట్టాలంటే డీఎన్ఏకి మరో ప్రతి తయారవ్వాలి. ఆ ప్రతికి కావలసిన సరంజామా అందించే పని ఈ విటమిన్‌ది. అందించాలంటే ముందు అది ఒక ఎంజైము చేతిలో పడి, హైడ్రోజన్ పుచ్చుకుని, పనికొచ్చే రూపంలోకి మారాలి. మెథోట్రెక్సేట్ ఆ ఎంజైముకు చేసిన మారుతాళం. ఫోలిక్ ఆసిడ్ బొమ్మ పక్కన దీని బొమ్మ పెట్టి చూడండి. రెండు చోట్ల తప్ప తేడా ఉండదు. ఒక చోట ఆక్సిజన్ తీసి నైట్రోజన్ గుంపు పెట్టారు. ఇంకొక చోట నైట్రోజన్ మీద చిన్న మిథైల్ గుంపు అతికించారు. అంతే. అణుభారం 441 నుంచి 454కి పెరిగింది. తేడా పదమూడు. అసలు తాళంచెవి గుంటలో తిరిగి బయటకొచ్చేస్తుంది. ఈ మారుతాళం దూరుతుంది, తిరగదు, ఊడి రాదు. అసలు దానికన్నా దాదాపు వెయ్యి రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. కంసాలి నగకు అరవీసమెత్తు మార్పు చేసి దాని నడకే మార్చేసినట్టు, ఇక్కడ ఎవరో మహా పొదుపైన చేతిపని చేశారు.

ఆ చేతుల సంగతి చెప్పుకోవాలంటే ముందు బొంబాయి వెళ్ళాలి. 1920ల చివర్లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో వింత రక్తహీనత గమనించింది. రక్తకణాలు తక్కువగా ఉండటమే కాదు, ఉన్నవి ఉబ్బి పెద్దవిగా ఉన్నాయి. ఈస్టు నుంచి తీసిన మార్మైట్ అనే చౌక పదార్థం తినిపిస్తే వాళ్ళు కోలుకున్నారు. అందులో ఉన్నదేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. 1941లో అమెరికాలో టన్నులకొద్దీ పాలకూర నలిపి, వడగట్టి, చివరికి చిటికెడు పదార్థం తీశారు. లాటిన్‌లో ఆకుని ఫోలియం అంటారు కనక ఫోలిక్ ఆసిడ్ అని పేరు పెట్టారు. దాన్ని ఆకుల అవసరం లేకుండా ప్రయోగశాలలో తయారుచేసింది 1945లో, న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లే సంస్థ. అక్కడి పరిశోధన బృందాన్ని నడిపినది ఎల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివే రోజుల్లో స్ప్రూ అనే రోగం ఆయన అన్నదమ్ములిద్దరిని పొట్టన పెట్టుకుంది. తర్వాత ఆయనకూ సోకింది. స్ప్రూ వచ్చినవాళ్ళకు పేగులు తిన్నదాన్ని పీల్చుకోలేవు. ఆగని విరేచనాలు, పచ్చిపుండైన నాలుక, పాలిపోయిన ఒళ్ళు. ఫోలిక్ ఆసిడ్ ఒంటికి అందకపోవడం ఆ చిక్కులో పెద్ద భాగమని తర్వాత తేలింది. పాతికేళ్ళకు ఆ లోటు తీర్చే వస్తువు ఆయన బృందం చేతుల్లోనే తయారైంది. ఇది కథలో రాస్తే మరీ కుదిర్చినట్టుందని ఎడిటరు కొట్టేసేవాడు.

దాన్ని మించినది ఆ తర్వాత జరిగింది. బోస్టన్‌లో పిల్లల ఆసుపత్రి వైద్యుడు సిడ్నీ ఫార్బర్, రక్తక్యాన్సర్ పిల్లలకు ఫోలిక్ ఆసిడ్ జాతి పదార్థాలు ఇచ్చి చూస్తే రోగం తగ్గకపోగా ఉరకలేసినట్టు అనిపించింది. అయితే దాన్ని ఆపే వస్తువు ఇవ్వండి అని సుబ్బారావు బృందాన్ని అడిగాడు. లోటు తీర్చే మందు చేసినవాళ్ళే ఈసారి లోటు పుట్టించే మందు చెయ్యాలి. లెడర్లేలో డోరిస్ సీగర్ అనే రసాయన శాస్త్రవేత్తా, ఆమె సహచరులూ ఆ ఆక్సిజన్ తీసి నైట్రోజన్ గుంపు పెట్టారు. అది అమినాప్టెరిన్. మిథైల్ కూడా చేర్చితే మెథోట్రెక్సేట్. ఫార్బర్ 16 మంది పిల్లలకు అమినాప్టెరిన్ ఇస్తే పదిమందిలో రోగం కొన్నాళ్ళు వెనక్కి తగ్గింది. ఆ సంగతి 1948 జూన్‌లో అచ్చయింది. ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే పోయారు. యాభై మూడేళ్ళు.

ఇప్పుడు అత్తయ్య గారి నోరు చూడండి. మొదటి రెండు నెలల్లో ఆవిడకు నాలుక అంచున, పెదవి లోపల పూత. పచ్చడి నాలుక మీద పెట్టుకుంటే కళ్ళమ్మట నీళ్ళు. నోటి లోపలి పొర కొన్ని రోజులకే పాతది రాలి కొత్తది వస్తూ ఉంటుంది. అక్కడ కణాలు గబగబా పుడుతుండాలి. సరంజామా ఆగితే ముందు తెలిసేది అక్కడే. పేగు లోపలి పొరా అంతే, జుట్టు కుదురూ అంతే, ఎముక మజ్జా అంతే. మందు ఎక్కడ ఇబ్బంది పెడుతోందో గుర్తులు పెట్టుకుంటూ పోతే, శరీరంలో నిత్యం కొత్తదనం పుట్టే చోట్లన్నీ ఒక పటంలా బయటపడతాయి. ఇక ఆవిడ సీబీపీ రిపోర్టు. అందులో ఎంసీవీ అని ఒక అంకె ఉంటుంది, ఎర్రకణం సగటు పరిమాణం. ఆరో నెలకు అది పైకి జరిగింది. లూసీ విల్స్ సూక్ష్మదర్శినిలో చూసిన ఉబ్బిన కణాలే, బొంబాయి మిల్లు నుంచి మా ల్యాబు కాగితం మీదికి వచ్చాయి. ఆ పూత, ఆ ఉబ్బిన కణం, ఆ పల్చటి విరేచనం, స్ప్రూ రోగి లక్షణాలకి చిన్న నకలు. ఏ కొరత సుబ్బారావు ఇంట్లోవాళ్ళను తీసుకుపోయిందో, ఆయన బృందం దాన్నే కొలతవేసి ఒక పనిముట్టుకి పదునుగా పెట్టింది.

కొలత అన్నాను కదా, అసలు పనితనం అక్కడుంది. క్యాన్సర్లలో కొన్నిటికి ఈ మందు గ్రాముల్లో ఎక్కించి, తర్వాత ఫోలినిక్ ఆసిడ్ ఇచ్చి ఆరోగ్యకరమైన కణాలను వెనక్కి లాక్కొస్తారు. అత్తయ్య గారికి వారానికి 15 మిల్లీగ్రాములు. ఇంత తక్కువ మోతాదులో ఇది కణాలను చంపే పని కన్నా, రోగనిరోధక కణాల రెచ్చిపోవడాన్ని చల్లార్చే పని ఎక్కువ చేస్తుంది. ఒంట్లో అడినోసిన్ అనే పదార్థం పెరిగి వాపును అణుస్తుందని ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. కీళ్ళవాతానికీ సోరియాసిస్‌కీ ఈ జాతి మందు పనికొస్తుందని 1951లోనే గబ్నర్ అనే వైద్యుడు చూపించాడు. అయినా కీళ్ళవాతం రోగుల దాకా రావడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. 1985లో వైన్‌బ్లాట్ బృందం బోస్టన్‌లో చేసిన పరీక్ష అచ్చయ్యాక, 1988లో అమెరికా అనుమతి వచ్చింది. ఆలస్యానికి ఒక కారణం భయం. క్యాన్సర్ మందు కీళ్ళకా అని.

భయం పోగొట్టింది వారం అనే ఆలోచన. రోజూ కొంచెం కొంచెం ఇస్తే కాలేయం ఎక్కువ దెబ్బతింటోందని సోరియాసిస్ వైద్యులు ముందు పసిగట్టారు. వారానికి ఒక్కసారి ఇచ్చి మిగతా రోజులు వదిలేస్తే శరీరం సర్దుకుంటుంది. మరి ఆరు రోజులు మందు లేకుండా రోగం ఎలా ఆగుతుంది? ఇక్కడ ఈ అణువు చేసే చమత్కారం నాకు అన్నిటికన్నా ఇష్టం. రక్తంలోంచి అది ఒక రోజులో దాదాపు మాయమవుతుంది, మూత్రపిండాలు తోడేస్తాయి. కానీ కణం లోపలికి వెళ్ళిన భాగానికి కణమే గ్లూటమేట్ తోకలు ఒకదాని వెనక ఒకటి తగిలిస్తుంది. ఫోలిక్ ఆసిడ్‌ని దాచుకోవడానికి కణానికున్న పాత అలవాటది. మారువేషంలో వచ్చినదానికీ అదే మర్యాద. తోక పెరిగాక ఇక బయటకు పోలేదు, వారాలపాటు లోపలే ఉండి పనిచేస్తుంది. గుణం కనపడటానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పట్టేదీ, ఒక గురువారం తప్పినా కొంప మునగనిదీ అందుకే.

ఈ వారం సంగతి మరిచిపోయి రోజూ వేసుకుంటే మాత్రం ప్రాణం మీదికొస్తుంది. మాత్రల రూపంలో ఈ పొరపాటు ప్రపంచమంతటా జరుగుతూనే ఉంది. చీటీలో వారం అని రాసింది రోజు అని చదువుతారు. లేదా పచ్చటి చిన్న మాత్రలు రెండూ ఒకేలా ఉండటంతో ఫోలిక్ ఆసిడ్ అనుకుని దీన్ని మింగుతారు. సూదికి ఆ గండం కొంత తక్కువ. సరదాగా రోజూ పొట్టలో సూది గుచ్చుకునేవాళ్ళు ఉండరు కదా. సూదికి ఇంకో గుణం ఉంది. నోటితో వేసుకుంటే వారానికి 15 మిల్లీగ్రాములు దాటాక పేగు ఇక అంతకన్నా పీల్చుకోలేక చేతులెత్తేస్తుంది. చర్మం కిందికి వేస్తే ఆ అడ్డు లేదు. అయితే సూదిలో సూదికి తగ్గ ప్రమాదం ఉంది. మా సీసా మీద మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాములని ఉంటుంది. 15 కావాలంటే 0.6 మిల్లీలీటరు. ఇన్సులిన్ సిరంజి వాడితే ఎర్ర మూత దాని మీద అది 24 యూనిట్ల గీత, నారింజ మూత దాని మీద 60. ఏ మూతో చూడకుండా గీతలు లెక్కపెట్టామా, అంతే సంగతులు. నేను ఇప్పటికీ వెలుతురుకి ఎత్తిపట్టి రెండుసార్లు చదువుతాను. ముందే కొలిచి నింపిన సిరంజిలు దొరుకుతాయి, ఖరీదు ఎక్కువ.

శనివారం ఒక్కపొద్దు విడిచాక ఆవిడ వేసుకునేది 5 మిల్లీగ్రాముల ఫోల్వైట్ మాత్ర. అదే ఫోలిక్ ఆసిడ్. గురువారం తాళం బిగించి శనివారం తలుపు కాస్త తెరవడం. మందు గుణం పెద్దగా చెడకుండా నోటి పూత, వికారం, కాలేయం మీద ఒత్తిడి తగ్గుతాయి. ఆ మాత్ర మొదలయ్యాక అత్తయ్య గారి నోరు నెలలో మానింది. పచ్చడి జాడీ మళ్ళీ బల్ల మీదికి వచ్చింది. ఫోల్వైట్ అన్న పేరు లెడర్లే పెట్టుకున్నదే. అంటే మా అట్టపెట్టెలో ఉన్న రెండు మందులూ, రోగమూ విరుగుడూ అనదగ్గవి, ఒకే ఇంటివి.

వికారం మాత్రం ఫోల్వైట్‌కి పూర్తిగా లొంగలేదు. అది మొదట మందు వల్ల వచ్చింది, ఇప్పుడు గురువారం వల్ల వస్తోంది. పిల్లల్లో, పెద్దల్లో కూడా ఇది బాగా తెలిసిన విషయం. సూది పడకముందే, ఆ రంగు చూసిన వెంటనే, కొందరికి ఆ రోజు తలుచుకున్నా కడుపు తిరుగుతుంది. మందు చేసిన పని కాదిది, మనసు నేర్చుకున్న పాఠం. ఇప్పుడు నేను సిరంజి ఆవిడకు కనపడకుండా తువాల కింద పట్టుకుని, టీవీ సీరియల్ మధ్యలో వేస్తున్నాను. కాఫీ తాగితే కొంత నయమంటారు ఆవిడ. కాఫీలోని కెఫీన్ అడినోసిన్‌కి అడ్డుపడుతుంది. అంటే మందు గుణానికే అడ్డుపడాలి. ఈ విషయంలో అధ్యయనాలు ఒక్క మాట మీద లేవు. ఆవిడ ఫిల్టరు కాఫీ జోలికి వెళ్ళే ధైర్యం నాకూ లేదు.

ఫోలిక్ ఆసిడ్ తల్లికి పుట్టని పిల్లలూ ఉన్నారని ఒప్పుకోవాలి. పనితనం మీద ప్రేమతో వాళ్ళను దాచిపెట్టకూడదు. ఊపిరితిత్తుల వాపు వాటిలో ముఖ్యం. అరుదు, కానీ మోతాదు తక్కువే కదా అని ఊరుకోదు. ఎక్కువగా మొదటి ఏడాదిలో, పొడి దగ్గు, ఆయాసం, జ్వరంతో వస్తుంది. అవి కనపడితే తర్వాతి సూది వెయ్యకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే. కొందరికి కీళ్ళు బాగుపడుతుండగానే వేళ్ళ మీద చిన్న చిన్న గడ్డలు మొలుస్తాయి, విచిత్రం. కాలేయం సంగతి ఎస్‌జీపీటీ చెబుతుంది. మొదట్లో తరచుగా, తర్వాత రెండు మూడు నెలలకోసారి రక్తపరీక్ష. ఆ అంకె ఉండవలసినదానికి మూడింతలు దాటితే సాధారణంగా మందు ఆపి చూస్తారు. మద్యం మానాలి. మూత్రపిండాలు మందగిస్తే మందు ఒంట్లో నిలిచిపోతుంది కాబట్టి క్రియాటినిన్ కూడా చూస్తారు. జ్వరం, అంటురోగం వచ్చిన వారం సూది ఆపమని మాకు చెప్పి ఉంచారు. అణచిన రోగనిరోధక శక్తితో క్రిములను ఎదుర్కోవడం కష్టం. అన్నిటికన్నా నన్ను భయపెట్టేది మందుల షాపులో మామూలుగా దొరికే కో-ట్రైమాక్సజోల్. మూత్రంలో మంటకో విరేచనాలకో వాడే ఆ మాత్ర కూడా ఫోలిక్ ఆసిడ్ దారినే అడ్డుకుంటుంది. రెండు తాళాలూ ఒకే తలుపుకి పడితే ఎముక మజ్జ మూతపడవచ్చు. అందుకే అట్టపెట్టె మీద ఎర్ర స్కెచ్‌తో ఆ పేరు రాసి అడ్డంగా గీత కొట్టాను.

రెండేళ్ళ క్రితం నేను కడుపుతో ఉన్నప్పుడు ఆ అట్టపెట్టెను ముట్టుకోనివ్వలేదు. మా ఆయనే చేతులకు తొడుగులు వేసుకుని, వణుకుతూ, వాళ్ళమ్మకు సూది వేశారు. కణాలు పుట్టే వేగం గర్భంలో ఉన్నంత ఇంకెక్కడా ఉండదు. ఆ పసి కణాలకు ఈ మందు తగిలితే గర్భం నిలవకపోవచ్చు, నిలిచినా అవయవ లోపాలు రావచ్చు. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్ళు ఎన్నో వారాల ముందే దీన్ని ఆపి, డాక్టరు చెప్పాకే ప్రయత్నించాలి. ఇదే గుణాన్ని వైద్యులు ఇంకో చోట పనిలో పెట్టారు. పిండం గర్భసంచిలో కాక గర్భనాళంలో చిక్కుకుని తల్లి ప్రాణానికి ముప్పయినప్పుడు, తొలి దశలో ఉంటే, కత్తి లేకుండా ఈ సూదితోనే దాన్ని ఆపగలుగుతారు.

కిందటి గురువారం సూది వేశాక, సూదులు పడేసే గట్టి డబ్బా మూత బిగిస్తూ, ఈ మందు చేసిన బృందం పెద్ద భీమవరంలో పుట్టారని అత్తయ్య గారికి చెప్పాను. ఆవిడ పుట్టిల్లు భీమవరానికి నాలుగు మైళ్ళు. టీవీ మీంచి కళ్ళు తిప్పారు.

"మన భీమవరం ఆయనా?"

"అవునండీ."

"అంత చేసిన మహానుభావుడు, ఆ రంగు కాస్త వేరేది పెట్టకపోయాడా అమ్మా?"

రంగు ఆయన పెట్టింది కాదని చెప్పాను. అణువు వెన్నెముకలో ఉన్న జంట ఉంగరం పేరు టెరిడీన్, గ్రీకులో రెక్క అన్న మాట నుంచి వచ్చింది. ఆ జాతి రంగులను మొదట సీతాకోకచిలుకల రెక్కల్లో చూశారు. విటమిన్ల పరిశోధనకు 1929లో నోబెల్ అందుకున్న హాప్కిన్స్, తన తొలి రోజుల్లో ఆ పచ్చటి రెక్కల మీదే పనిచేశాడు. రంగు తీసేస్తే ఉంగరం పోతుంది, ఉంగరం పోతే తాళంచెవే ఉండదు అన్నాను.

ఆవిడ విన్నారో లేదో తెలియదు. సీరియల్లో అత్తగారు కోడలి మీద కేకలేస్తున్నారు. రిమోటు అందుకుని శబ్దం పెంచి, "కాఫీ కలపవూ," అన్నారు.